‘హెల్ ఆర్ హై వాటర్’ చిత్రాన్ని ఖాతా పుస్తకం పక్కన పెట్టుకొని చూడడం ఎలా

బ్యాంకులు కొల్లగొట్టే అన్నదమ్ముల కథ అనగానే తుపాకులు, కార్ల పరుగులు, చివరికి ఒకరిద్దరి చావు తప్పవని ముందే ఊహించుకొని కూర్చుంటాం. 2016లో విడుదలైన ‘హెల్ ఆర్ హై వాటర్’లో అవన్నీ ఉన్నాయి. అయితే వాటి కోసమే చూసినవారికి ఈ 102 నిమిషాల చిత్రంలో సగమే అందుతుంది. నేను మొదటిసారి అలాగే చూసి, నటన బాగుందనుకొని లేచిపోయాను. కొన్నాళ్లకు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని, డబ్బు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా అది ఎవరి నుంచి ఎవరికి పోతున్నదో రాసుకుంటూ మళ్లీ చూసినప్పుడు, ఈ కథను నడిపిస్తున్నది తుపాకీ కాదు, బాకీ అని తెలిసింది. ఆ పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. ముగింపుతో సహా కథంతా ప్రస్తావనకు వస్తుంది కనుక, ఇంతవరకు చూడనివారు ముందుగా ఏ సన్నాహమూ లేకుండా ఒకసారి చూసి రావడం మంచిది.

కూర్చునే ముందు

ఈ చిత్రానికి రచయిత టెక్సాస్‌లో పెరిగిన టేలర్ షెరిడన్, దర్శకుడు స్కాట్లండ్‌కు చెందిన డేవిడ్ మెకంజీ. కథ జరిగేది పడమటి టెక్సాస్‌లోనే అయినా చిత్రీకరణ చాలావరకు పక్కనున్న న్యూ మెక్సికో రాష్ట్రంలో జరిగింది. ఉత్తమ చిత్రం, సహాయ నటుడు, మౌలిక స్క్రీన్‌ప్లే, కూర్పు అనే 4 విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు పొందినా ఒక్క అవార్డూ దక్కలేదు. ఇవి తెలియకపోయినా నష్టం లేదు. తెలియకపోతే నిజంగా నష్టపోయే విషయం ఒకటుంది, అది రివర్స్ మార్ట్‌గేజ్.

మామూలు గృహరుణంలో మనం బ్యాంకుకు నెలనెలా వాయిదా కడతాం, అప్పు తగ్గుతూ వస్తుంది. రివర్స్ మార్ట్‌గేజ్‌లో ఇది తలకిందులవుతుంది. అమెరికాలో సాధారణంగా 62 ఏళ్లు నిండిన ఇంటి యజమానికి ఆ ఇంటి విలువ మీద బ్యాంకే డబ్బు ఇస్తుంది, యజమాని బతికి అక్కడే ఉన్నంతకాలం వాయిదాలు అడగదు, వడ్డీ మాత్రం అసలుకు చేరుతూ అప్పు ఏటేటా పెరుగుతుంది. యజమాని చనిపోయినా, ఇల్లు విడిచి వెళ్లినా, ఆస్తి పన్ను కట్టకపోయినా అప్పంతా ఒక్కసారిగా మీద పడుతుంది. వారసులు దాన్ని తీర్చలేకపోతే ఆస్తి జప్తుకు పోతుంది. చిత్రంలోని హోవర్డ్ సోదరుల తల్లి తన పశువుల క్షేత్రం మీద టెక్సాస్ మిడ్‌లాండ్స్ అనే కల్పిత బ్యాంకు దగ్గర ఇటువంటి అప్పే చేసి, దీర్ఘవ్యాధితో చనిపోయింది. గడువు కొద్ది రోజులే ఉంది. ఆ నేల కింద చమురు ఉందని ఈలోగా బయటపడింది. కాబట్టి బ్యాంకు కోరుకుంటున్నది అప్పు తీరడం కాదని, తీరకపోవడమని ప్రేక్షకుడు గుర్తు పెట్టుకోవాలి. ఈ ఒక్క మాట మనసులో ఉంటే, ఆ సోదరులు ఆ బ్యాంకు శాఖలనే ఎందుకు ఎంచుకుంటున్నారన్న ప్రశ్నకు పోలీసుల కంటే ముందే మీకు జవాబు దొరుకుతుంది.

చిత్రం పేరులో కూడా అప్పు వాసన ఉంది. ‘నరకం ఎదురైనా, వరద ముంచెత్తినా’ అనే అర్థంలో ఆ నుడికారాన్ని ఆంగ్లంలో పట్టుదలకు వాడతారు. అమెరికన్ ఒప్పంద పత్రాల్లో అదే పేరుతో ఒక షరతు ఉంటుంది, ఏ విపత్తు వచ్చినా చెల్లింపు ఆగరాదన్నది దాని సారాంశం. ఈ పేరు ఎవరి పట్టుదలను సూచిస్తున్నది, అన్నదమ్ములదా, బ్యాంకుదా? చూస్తున్నంతసేపూ అడుగుతూ ఉండదగిన ప్రశ్న ఇది.

స్క్రిప్టుకు షెరిడన్ మొదట పెట్టిన పేరు ‘కొమాంచెరియా’, అంటే అమెరికా ఆదివాసులైన కొమాంచీ జాతి ఏలిన మైదాన ప్రాంతం. 1874, 75లలో జరిగిన రెడ్ రివర్ యుద్ధంతో ఆ జాతి స్వతంత్ర జీవనం ముగిసింది, వారి నాయకుడు క్వానా పార్కర్ 1875లో ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరం దగ్గర లొంగిపోయాడు. చిత్రంలో దొంగలను వెంటాడే ఇద్దరు రేంజర్లలో (టెక్సాస్ రాష్ట్ర పోలీసు అధికారుల్లో) కొమాంచీ రక్తమున్నవాడి పేరు ఆల్బర్టో పార్కర్. ఆ ఇంటిపేరు యాదృచ్ఛికమని నేను అనుకోను.

భాష విషయంలో ఒక సూచన. వేరే భాషలోకి అనువదించిన సంభాషణలతో దీన్ని చూడకండి. పడమటి టెక్సాస్ యాసలో మాటలను మింగి, సాగదీసి, వెటకారాన్ని మర్యాద కింద దాచి పలికే తీరులోనే పాత్రల సగం స్వభావం ఉంది. మొదటి విడత ఆంగ్ల ఉపశీర్షికలు పెట్టుకొని, రెండో విడత అవి తీసేసి వినండి.

మొదటి దృశ్యాన్ని మూడుసార్లు చూడండి

ఆర్చర్ సిటీలోని బ్యాంకు ముందు ఉదయం పూట ఒక ఉద్యోగిని కారు ఆపి దిగుతుంది. కెమెరా కోత లేకుండా గుండ్రంగా తిరుగుతూ ఆమెను, ఖాళీ వీధిని, దూరంగా చుట్టు తిరిగి వస్తున్న మరో కారును ఒకే షాట్‌లో చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఆమెను మాత్రమే చూడండి. రెండోసారి ఆ కారును మాత్రమే వెంబడించండి, ముసుగు దొంగలు తెరపైకి వచ్చేలోపే కెమెరా వారిని మనకు చూపించేసిందని తెలుస్తుంది. మూడోసారి గోడను చదవండి. ఇరాక్‌లో మూడు విడతలు సైన్యంలో పనిచేసి వచ్చినా మాలాంటివారిని ఆదుకున్న నాథుడు లేడన్న అర్థంలో అక్కడ ఎవరో రంగుతో రాసి ఉంటారు. 2008 అక్టోబరులో ఆర్థిక సంస్థలను నిలబెట్టడానికి అమెరికా ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల వరకు కేటాయించే చట్టం చేసింది, ఆ రాత విసురుతున్నది దాని మీదే. కథలో ఎవరూ ఆ గోడ వైపు తిరిగి చూడరు, దాని గురించి ఒక్క మాటా అనరు. ఇకపై దారి పొడవునా కనిపించే అప్పుల సహాయ ప్రకటన బోర్డులు, అమ్మకానికి పెట్టిన స్థలాలు, మూతపడిన దుకాణాలు కూడా ఇలాగే మౌనంగా మాట్లాడతాయి. కారు ప్రయాణం ఎంత సాదాగా ఉన్నా కిటికీ బయటి బోర్డులను వదలకండి.

ఖాతా రాసే పద్ధతి

ఒక కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమ వైపు ‘ఎవరి నుంచి’ అని, కుడి వైపు ‘ఎవరికి’ అని రాసుకోండి. మొత్తాలు తెలియకపోయినా ఫరవాలేదు, దిక్కు తెలిస్తే చాలు. మొదటి పద్దు దోపిడీలది కాదని గమనించాలి. దోపిడీలు మొదలు కావడానికి ఎంతో ముందే తల్లి నుంచి బ్యాంకుకు ఒక పద్దు పడిపోయింది. సోదరులకు సాయం చేసే న్యాయవాది ఆ సంగతి చెబుతాడు: బ్యాంకు ఆమెకు అప్పుగా ఇచ్చింది 25,000 డాలర్లు, ఆమె పేదరికం తీరకుండా ఉండడానికి సరిపడేంత మాత్రమే. అతని కోపం దొంగతనం మీద కాదు, ఇంత తక్కువకు ఇంత నేల కొట్టేయవచ్చని బ్యాంకు అనుకున్న పొగరు మీద. ఈ సన్నివేశం మొదటిసారి చూసేవారికి కొంచెం పొడిగా అనిపిస్తుంది, పాజ్ చేసి అయినా ప్రతి వాక్యమూ అర్థం చేసుకొని ముందుకు వెళ్లండి.

తర్వాత దోపిడీల తీరు చూడండి. తమ్ముడు టోబీ పథకం ప్రకారం బ్యాంకు తెరిచీ తెరవగానే వెళ్లాలి, సొరుగుల్లోని విడి నోట్లే తీసుకోవాలి, కట్టలు ముట్టుకోకూడదు. కట్టలను ఆనవాలు పట్టవచ్చు, వాటిలో రంగు చిమ్మే పొట్లాలు ఉండవచ్చు. మొత్తం చిన్నదైతే కేసు ఎఫ్‌బీఐ దాకా పోక స్థానికంగా రేంజర్ల చేతిలో ఉండిపోతుంది. ప్రతి దోపిడీ తర్వాత వాడిన కారును తమ క్షేత్రంలోనే యంత్రంతో గొయ్యి తవ్వి పూడ్చేస్తారు. ఏ నేలను కాపాడుకోవడానికి దొంగలయ్యారో ఆ నేల కడుపులోనే సాక్ష్యం దాచడం నాకు ఈ చిత్రంలో అన్నింటికంటే బాగా నచ్చిన ఊహ.

నోట్లు అక్కడి నుంచి ఓక్లహోమాలోని కొమాంచీల క్యాసినోకు చేరతాయి. నగదు ఇచ్చి చిప్స్, అంటే జూదంలో డబ్బుకు బదులు వాడే బిళ్లలు, తీసుకుంటారు, కొంచెం ఆడినట్టు కనిపిస్తారు, మిగిలిన చిప్స్‌కు టెక్సాస్ మిడ్‌లాండ్స్ బ్యాంకు పేర చెక్కు రాయించుకుంటారు. అంటే బ్యాంకు సొమ్ముతోనే బ్యాంకు అప్పు తీరుతున్నది. మీ కాగితం మీద బాణం గుర్తు వెళ్లి వెళ్లి బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. నిజ జీవితంలో ఇది ఇంత సులువు కాదు, 10,000 డాలర్లు దాటిన నగదు లావాదేవీని అమెరికా క్యాసినోలు ప్రభుత్వానికి తెలియజేయవలసి ఉంటుంది. చిత్రం ఈ చోట కాస్త వేగంగా దాటిపోతుంది. మనమూ పెద్దమనసు చేసుకొని దాటనివ్వాలి, ఎందుకంటే ఇక్కడ రచయితకు కావలసింది నేర విధానం కాదు, ఆ గుండ్రని బాణం.

చిన్న పద్దులను వదిలేయకండి, పెద్దవాటి అర్థం వాటిలోనే ఉంది. ఒక పట్టణంలో భోజనశాలలో టోబీ వెయిట్రెస్‌తో మాట్లాడుతూ కూర్చున్న సమయంలో, అన్న టానర్ ఎదుటి బ్యాంకును పథకంలో లేకుండానే ఒంటరిగా దోచి వస్తాడు. టోబీ ఆమెకు 200 డాలర్ల టిప్పు వదిలి వెళతాడు. సాక్ష్యంగా ఆ నోట్లు కావాలని రేంజర్ అడిగితే ఆమె ఇవ్వనంటుంది, తన ఇంటి అప్పు కట్టుకోవాలి కదా. ఆ ఊళ్లో ఎవరూ దొంగలను సరిగా గుర్తు పట్టరు, గుర్తు పట్టడానికి ఎవరికీ తొందర లేదు. ఆ 200 డాలర్లను కుడి వైపు వరుసలో రాస్తున్నప్పుడు, ఆమె కూడా చివరికి దాన్ని ఏదో ఒక బ్యాంకుకే కట్టబోతున్నదని గుర్తించాలి.

చివరి పద్దు చాలామంది చూపు తప్పించుకుంటుంది. అప్పు తీర్చిన తర్వాత టోబీ క్షేత్రాన్ని కొడుకుల పేర ట్రస్టుగా పెట్టి, ఆ ట్రస్టు నిర్వహణను అదే బ్యాంకుకు అప్పగిస్తాడు. చమురు రాబడి మీద నిర్వహణ ఆదాయం పోగొట్టుకోవడం ఇష్టం లేక బ్యాంకు దర్యాప్తుకు సహకరించదు. దొంగకు కాపలాదారు దొంగతనానికి గురైనవాడే అన్నమాట. ఒక నెలలో ఆ బావుల నుంచి వచ్చే మొత్తం అన్ని దోపిడీల మొత్తాన్ని మించిపోతుంది కనుక, ఇంత ఉన్నవాడు దొంగతనం ఎందుకు చేస్తాడన్న వాదంతో అధికారులు టోబీ పేరు కొట్టివేస్తారు.

ఇద్దరూ ఇద్దరూ

ఖాతా రాయడం అలవాటయ్యాక మనుషుల వైపు తిరగవచ్చు. కథలో రెండు జంటలున్నాయి. క్రిస్ పైన్ నటించిన టోబీ, బెన్ ఫోస్టర్ నటించిన టానర్ ఒక జంట. పదవీ విరమణ అంచున ఉన్న రేంజర్ మార్కస్ హామిల్టన్‌గా జెఫ్ బ్రిడ్జెస్, అతని సహచరుడు ఆల్బర్టోగా గిల్ బర్మింగ్‌హామ్ రెండో జంట. ఒక జంట సన్నివేశం చూసిన వెంటనే రెండో జంట సన్నివేశాన్ని దానికి పక్కపెట్టి చూడండి. నిద్రపట్టని గదులు, కారులో మౌనాలు, ఒకరినొకరు దెప్పుకోవడంలోని ప్రేమ రెండు వైపులా ఉంటాయి. మార్కస్ తన సహచరుడి జాతి మీద విసిరే హాస్యం వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా. ఆల్బర్టో దాన్ని ఎంతవరకు భరిస్తున్నాడో బర్మింగ్‌హామ్ ముఖంలో చదవాలి తప్ప, మాటల్లో దొరకదు.

టానర్ పేరున మీ కాగితంలో ఒక వరుస తెరవండి. హింసించే తండ్రిని కాల్చి చంపినవాడు, పదేళ్లు జైల్లో ఉండి వచ్చినవాడు. తమ్ముడి పిల్లలకు నేల దక్కితే తనకు వచ్చేదేమీ లేదు. ఎందుకు ఒప్పుకున్నావని టోబీ అడిగితే, నువ్వు అడిగావు కాబట్టి అంటాడు. చిత్రం ముగిసేసరికి అతని వరుసలో కుడి వైపు ఖాళీగానే మిగులుతుంది, ఎడమ వైపు మాత్రం ప్రాణం వరకు నిండుతుంది. అతణ్ని కేవలం దుడుకు మనిషిగా చూసి నవ్వుకున్నవారు ఇక్కడ ఆగి మళ్లీ ఆలోచించాలి. అలాగని అతణ్ని త్యాగమూర్తిని చేయడమూ తప్పే, అతని సరదా వల్ల చనిపోయినవారి పేర్లు ఆ ఖాతాలో ఉన్నాయి.

ఆల్బర్టో ఒక బ్యాంకు ఎదురుగా కూర్చొని చెప్పే మాటలను కాగితం మీద రెండో ఖాతాగా రాయాలి, ఇది నేలకు సంబంధించిన ఖాతా. నూటయాభై ఏళ్ల కిందట ఇదంతా తన పూర్వికులదని, ఈ ఊరివాళ్ల తాతలు దాన్ని లాక్కున్నారని, ఇప్పుడు ఆ మనవల నుంచి సైన్యం అవసరం లేకుండానే బ్యాంకు లాక్కుంటున్నదని అతను అంటాడు. హోవర్డ్ సోదరుల మీద మనకు పుట్టిన జాలిని ఈ మాటలు కొట్టివేయవు గాని, దాని కింద ఇంకో పాత పద్దు ఉందని చూపిస్తాయి.

పోస్ట్ పట్టణంలో ఏం గమనించాలి

చివరి దోపిడీ పోస్ట్ అనే పట్టణంలో జరుగుతుంది. ఇది చూసేముందు రెండు చారిత్రక ఘటనలు తెలిసి ఉంటే మంచిది. 1876 సెప్టెంబరు 7న మినెసోటాలోని నార్త్‌ఫీల్డ్‌లో జేమ్స్, యంగర్ సోదరుల ముఠా బ్యాంకు మీద పడినప్పుడు ఊరివాళ్లే తుపాకులు పట్టి ముఠాను చెల్లాచెదురు చేశారు. 1892 అక్టోబరు 5న కాన్సాస్‌లోని కాఫీవిల్‌లో డాల్టన్ సోదరులు ఒకేసారి రెండు బ్యాంకులు దోచబోతే అదే జరిగింది, బాబ్, గ్రాట్ చనిపోగా తమ్ముడు ఎమ్మెట్ గాయాలతో బతికి జైలుకు వెళ్లాడు. అన్నదమ్ముల ముఠాలను ఆ రెండు చోట్లా కూల్చింది ఎక్కువగా పోలీసులు కాదు, దుకాణాల నుంచి బయటకు వచ్చిన మామూలు మనుషులు. షెరిడన్ ఆ పాత లెక్కను 21వ శతాబ్దపు టెక్సాస్‌లోకి తెచ్చాడు. జనం నిండిన బ్యాంకులో వినియోగదారుల నడుముల్లో తుపాకులుంటాయి, కాల్పుల తర్వాత పికప్ ట్రక్కుల వరుస వెంటపడుతుంది.

దీనికి విత్తనం ముందే పడింది. రెండో దోపిడీలో ఒక ముసలాయన దగ్గర తుపాకీ దొరికినప్పుడు మనం నవ్వుతాం. ఆ నవ్వును గుర్తు పెట్టుకొని పోస్ట్ దృశ్యానికి రండి, అదే విషయం ఇక్కడ నవ్వు తెప్పించదు. ఆ తర్వాత అన్న దారి మళ్లించడానికి కొండల వైపు, తమ్ముడు డబ్బుతో వేరే వాహనంలో మరో వైపు విడిపోతారు. టానర్ కొండ మీద నుంచి ఆల్బర్టోను కాల్చి చంపుతాడు. స్థానికుడొకరి సాయంతో వెనక నుంచి వెళ్లిన మార్కస్ టానర్‌ను చంపుతాడు. గురి తగిలిన తర్వాత కొన్ని క్షణాల పాటు బ్రిడ్జెస్ నుంచి వచ్చే శబ్దం నవ్వో, ఏడుపో, ఊపిరి విడుపో తేలదు. వెనక్కి జరిపి మళ్లీ వినండి. ఇక్కడ మొదలయ్యేది మూడో ఖాతా, అంకెలతో తీరనిది.

వసారాలో సంభాషణ

ఉద్యోగం విడిచిన మార్కస్ టోబీని వెతుక్కుంటూ క్షేత్రానికి వస్తాడు. ఈ సన్నివేశాన్ని శబ్దం తీసేసి ఒకసారి, శబ్దంతో ఒకసారి చూడమని నా సలహా. శబ్దం లేనప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి చూపు ముందు దిగింది అన్నవి తెలుస్తాయి. శబ్దంతో విన్నప్పుడు, పేదరికం ఒక తరం నుంచి మరో తరానికి అంటుకునే రోగం లాంటిదని, తన పిల్లల దగ్గర అది ఆగాలని టోబీ చెప్పే మాట మీద దృష్టి పెట్టండి. అంతకుముందు పెద్దకొడుకుతో అతను మాట్లాడిన సన్నివేశానికి వెళ్లి దీన్ని సరిచూసుకోవచ్చు. తనలా కావద్దని చెప్పి, అదే నోటితో బీరు ఇవ్వజూపితే ఆ కుర్రవాడు తాగడు. టోబీ గెలుపు ఏదైనా ఉంటే అది చమురు బావిలో కాదు, ఆ తాగని బీరులో ఉందని నా అభిప్రాయం.

నిజానికి వసారాలో ఇద్దరూ నేరాన్ని ఒప్పుకున్నంత దగ్గరగా వస్తారు. మార్కస్‌కు కావలసింది శిక్ష కంటే సమాధానం: ఇంతమంది చావుకు కారణమైన ఈ పనిని, దొంగలా కనిపించని ఈ మనిషి ఎందుకు చేశాడు? అంతలో టోబీ మాజీ భార్య, పిల్లలు వస్తారు. ఆ ఇల్లు ఇప్పుడు వాళ్లది, టోబీ ఊళ్లో చిన్న అద్దె ఇంట్లో ఉంటున్నాడు. మాట పూర్తి చేసుకోవాలంటే అక్కడికి రమ్మని చెబుతాడు. అది ఆహ్వానమా, బెదిరింపా, ఇద్దరికీ విముక్తి చూపే మాటా అన్నది పైన్ గొంతు తేల్చదు, తేల్చకపోవడమే సరైనది. మార్కస్ వెళ్లిపోయాక కెమెరా మెల్లగా కిందికి దిగి పచ్చికలోకి ఒదిగిపోతుంది. పేర్లు పడడం మొదలవగానే ఆపేయకుండా నిక్ కేవ్, వారెన్ ఎల్లిస్ కూర్చిన సంగీతం ఎక్కడ ముగిసి పాట ఎక్కడ మొదలవుతుందో వినండి.

ఇప్పుడు కాగితం తీసి చూసుకోండి. బ్యాంకు పద్దు చెల్లయింది, నేల పిల్లల పేరున చేరింది, కొమాంచీల పద్దు 1875 నుంచి ఉన్నట్టే ఉంది. ఆల్బర్టో పేరుకు ఎదురుగా, మార్కస్, టోబీల మధ్య ఒక వరుస ఇంకా తెరిచి ఉంటుంది. చిత్రం ఆ మొత్తాన్ని చెప్పలేదు కనుక మీరూ అక్కడ అంకె వేయకండి.